ఆశా కిరణ్: పద్దెనిమిది దాటినా ఖాళీ కాని మంచం

ఢిల్లీ రోహిణిలోని ఆశా కిరణ్ పేరు 2024లో మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం, అంటే బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ల కోసం ఢిల్లీ ప్రభుత్వం నడిపే ఈ హోంలో ఆ ఏడాది జులై ఒక్క నెలలోనే 14 మంది చనిపోయారు. అప్పటి ఢిల్లీ మంత్రి ఆతిశీ మెజిస్టీరియల్ విచారణకు ఆదేశించారు. లెఫ్టినెంట్ గవర్నర్ సక్సేనా తన వంతుగా ఇంకో విచారణ వేశారు. ఢిల్లీ హైకోర్టు అక్కడి నీళ్లు పరీక్షించమంది.

1989లో ఈ హోం ఎలా మొదలైందన్నది పాత కథే. ఈ గొడవకు ముడి అక్కడ లేదు. ఇక్కడ పెరిగిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎక్కడికి పోవాలన్నది ఎవరూ తేల్చలేదు, ముడి అక్కడ పడింది.

మామూలు పిల్లల హోంలో మంచాలు ఖాళీ అవుతుంటాయి. తప్పిపోయిన పిల్ల ఏదో ఒకరోజు ఊరి పేరు చెబుతుంది, ఇంటికి చేరుతుంది. కొందర్ని దత్తత తీసుకుంటారు. మిగిలినవాళ్లు 18 నిండాక బయటికి వెళ్తారు. బాల న్యాయ చట్టం కూడా ఆ వయసు దగ్గరే ఆగుతుంది, ఆ తర్వాత కొంతకాలం చేయూత మాత్రం ఇస్తుంది. తన పేరే చెప్పలేని పిల్లాడికి ఈ దారులు చాలావరకు మూసుకుపోయినట్టే. పద్దెనిమిది వస్తాయి, ముప్పై వస్తాయి, మంచం మాత్రం అదే. కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. జులైలో చనిపోయినవాళ్లలోనూ ఎక్కువమంది పెద్దవాళ్లే.

చట్టం వీళ్లను పట్టించుకోలేదా? 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం మేధో వైకల్యాన్ని తన నిర్వచనంలోంచే తీసేసింది. జబ్బు వేరు, ఇది వేరు కాబట్టి ఆ తేడా సరైనదే. (మన పత్రికలు ఇప్పటికీ రెండింటినీ కలిపి 'మానసిక రోగులు' అని రాసేస్తుంటాయి.) కానీ దాంతో మానసిక ఆస్పత్రులకు పెట్టిన లైసెన్సులు, ప్రభుత్వం నియమించే విజిటర్ల తనిఖీలు ఈ హోంల దాకా రాలేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఇలాంటివాళ్ల బాగోగులు చూసే సంరక్షకులను నియమించే పద్ధతి తెచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ అందరితో కలిసి సమాజంలో బతికే హక్కు వీళ్లకూ ఉందంది. హక్కు వచ్చింది గానీ, ఉండటానికి ఇళ్లు రాలేదు.

లెక్కలూ కొత్తగా బయటపడ్డవి కావు. 2009 నుంచి 2014 వరకు ఇక్కడ 148 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అప్పుడే చెప్పింది. 2017లో ఢిల్లీ మహిళా కమిషన్ అధ్యక్షురాలు స్వాతి మాలీవాల్ రాత్రంతా హోంలోనే ఉండి చూశారు. 350 మందికి సరిపోయే చోట 450 మంది. అంతకుముందు రెండు నెలల్లో 11 మరణాలు. ఆడవాళ్లకు కనీస మరుగు కూడా లేదని ఆమె బయటపెట్టారు. నోటీసులు వెళ్లాయి, టీవీల్లో చర్చలు జరిగాయి, ఏడేళ్లు గడిచాయి.

ఈసారి చనిపోయినవాళ్లలో చాలామందికి టీబీ ఉందని హైకోర్టులో ప్రస్తావన వచ్చింది. ఇంతమంది ఇంత తక్కువ వ్యవధిలో పోవడం కాకతాళీయం కాదని కోర్టే అంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు అది. కిక్కిరిసిన హాల్లో దాన్ని ఏ డాక్టరు ఆపగలడు?

ఇక బాధ్యత ఎవరిదన్న వాదన. అధికారులు మా మాట వినరని అప్పట్లో ఢిల్లీని పాలిస్తున్న ఆప్ అంది, ప్రభుత్వానిదే తప్పని బీజేపీ అంది. 2023లో వచ్చిన కేంద్ర చట్టంతో అధికారుల పోస్టింగుల్లో చివరి మాట లెఫ్టినెంట్ గవర్నర్‌దైన సంగతి నిజమే. కానీ ఈ హోం సాంఘిక సంక్షేమ శాఖ కింద ఉంది. ఆ శాఖ మంత్రి రాజ్ కుమార్ ఆనంద్ 2024 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్ ఆ సమయంలో జైల్లో ఉన్నారు, శాఖను ఇంకెవరికీ అప్పగించలేదు. విచారణకు ఆదేశించిన ఆతిశీ అప్పుడు చూస్తున్నది రెవెన్యూ.