ఆయిల్ బాత్ పీకేసి పేపర్ ఫిల్టర్ పెడదామా? పాత లారీల ఎయిర్ క్లీనర్‌పై అపోహలు - వాస్తవాలు

పాత టాటా 1210 లాంటి బండిని మళ్లీ రోడ్డెక్కించాలని వచ్చేవాళ్లు ఇంజన్ పని మాట్లాడుకోగానే అడిగేది ఒకటే: ‘ఈ నూనె గిన్నె తీసేసి కొత్త ఫిల్టర్ పెట్టేయండి’. నూనె గిన్నె అంటే ఆయిల్ బాత్, ఇంజన్‌లోకి పోయే గాలిలోని దుమ్మును నూనెతో పట్టే పాతకాలపు ఎయిర్ క్లీనర్. పెట్టొచ్చు, కొత్త పేపర్ ఫిల్టర్. కానీ అడ్డదిడ్డంగా పెట్టిన కొత్త ఫిల్టర్ కంటే శుభ్రంగా చూసుకున్న నూనె గిన్నే వెయ్యి రెట్లు నయం.

అపోహ: ఆయిల్ బాత్ పనికిరాని పాత సరుకు.

గాలి వేగంగా కిందికి దిగి, నూనెను తాకి, ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. మిగిలినదాన్ని నూనెతో తడిసిన జాలి పట్టుకుంటుంది. బండి మంచి స్పీడులో ఉంటే నూటికి 95 నుంచి 98 పాళ్ల దుమ్ము ఇక్కడే ఆగుతుంది. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) గాలి వేగం తగ్గితే పట్టూ తగ్గుతుంది. మంచి పేపర్ ఎలిమెంట్ (ఫిల్టర్ లోపలి వడపోత కాగితం) 99.5 శాతానికి పైనే ఆపుతుంది. తేడా రెండు మూడు శాతమేగా అనుకోకండి. వంద గ్రాముల దుమ్ములో ఆయిల్ బాత్ దాటి 3 గ్రాములు లోపలికి పోతే, పేపర్ దాటి అర గ్రామే పోతుంది. పిస్టన్ రింగుల్నీ, సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్లనీ అరగదీసేది ఆ లోపలికి పోయిన మట్టే. క్వారీ రోడ్ల మీద తిరిగే బండికి మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: పైపుకి పట్టే ఫిల్టర్ ఏదైనా చాలు.

మీ 1210లో ఉన్నది టాటా 697 ఇంజన్ అయితే అది 5.675 లీటర్లది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకొకసారి సిలిండర్లన్నీ గాలి పీలుస్తాయి. 2800 ఆర్‌పీఎం దగ్గర లెక్క వేస్తే నిమిషానికి దాదాపు 7,900 లీటర్లు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 85 శాతం పట్టుకుంటే సుమారు 6,750 లీటర్లు, అంటే దాదాపు 240 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). నేనైతే 300 సీఎఫ్ఎంకి తగ్గని హౌసింగే (ఫిల్టర్ కూర్చునే డబ్బా) తీసుకోమంటాను. కారు ఫిల్టర్ బిగిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

అపోహ: ఫిల్టర్ కొత్తదైతే ఇక దుమ్ము రాదు.

ఎక్కువ ఇంజన్లు పాడయ్యేది ఇక్కడే. పేపర్ ఎంత మంచిదైనా, దాని తర్వాత ఉన్న హోస్‌లో చిన్న చీలిక ఉంటే మట్టి నేరుగా సిలిండర్లోకి పోతుంది. కొత్త ఫిల్టర్ పెట్టిన కొన్నాళ్లకి హోస్ ఊడదీసి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ శుభ్రంగా రావాలి. జాయింటు దగ్గర మొదలై ఇంజన్ వైపు విసనకర్రలా పరుచుకున్న బూడిదరంగు చార కనిపించిందంటే లీకు అక్కడే. పాత రబ్బరు హోస్‌ని మళ్లీ వాడకండి. రెండు వైపులా కొత్త క్లాంపులు వేయండి.

మరో రెండు సంగతులు చాలామంది మరిచిపోతారు. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు (ఇంజన్ అడుగు భాగంలోని నూనె ఆవిరిని బయటికి వదిలే పైపు) పాత క్లీనర్‌లోకి వెళ్తుంటే చూసుకోండి. ఆయిల్ బాత్‌కి ఆ నూనె ఆవిరితో ఇబ్బంది లేదు, పేపర్ మాత్రం తడిసి మూసుకుపోతుంది. ఎయిర్ కంప్రెసర్ కూడా ఇక్కడినుంచే గాలి తీసుకుంటుంటే, ఆ టీ జాయింటు ఫిల్టర్ దాటాకే ఉండాలి.

అపోహ: గిన్నెలో నూనె నిండుగా పోస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇది ప్రమాదం. గీత దాటి పోస్తే ఇంజన్ ఆ నూనెను పీల్చుకుంటుంది. డీజిల్ ఇంజన్‌కి అదీ ఇంధనమే. స్టాప్ కేబుల్ లాగినా ఆగకుండా ఆర్‌పీఎం పెరుగుతూ పోతుంది. గాలి దారి మూస్తేనే ఆగుతుంది. ఆయిల్ బాత్ ఉంచుకునేవాళ్లు గీత వరకే పోయండి. నూనె చిక్కబడి అడుగున మడ్డి చేరితే పారబోసి, గిన్నె, జాలి డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి బిగించండి.

అపోహ: పేపర్ ఫిల్టర్‌కి రోజూ గాలి కొడితే ఎక్కువకాలం మన్నుతుంది.

రోజూ విప్పితే సీలు పాడవుతుంది, పేపర్ చిరుగుతుంది. పైగా పేపర్ మీద పలచగా పేరుకున్న దుమ్ము కూడా సన్నదుమ్మును ఆపుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే ఎరుపు చూపించే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ పెట్టుకోండి, ఎరుపు కనిపించినప్పుడే విప్పండి. గాలి కొట్టక తప్పకపోతే లోపలినుంచి బయటికి, 30 పీఎస్ఐ దాటకుండా కొట్టండి. టైరుకేసి బాదడం వద్దు. ప్రధాన ఎలిమెంట్ లోపల ఉండే రెండో ఫిల్టర్‌ని, అంటే సేఫ్టీ ఎలిమెంట్‌ని మాత్రం శుభ్రం చేయకూడదు, మార్చడమే. వడ్లు, ఊక తోలే బండికి ముందు సైక్లోన్ ప్రీ-క్లీనర్ (గాలిని సుడి తిప్పి ముందే చెత్తను వేరుచేసేది) తప్పనిసరి, లేకపోతే పొట్టుతోనే పేపర్ నిండిపోతుంది.

అపోహ: ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుంది.

పాతది మూసుకుపోయి ఉంటేనే.

అపోహ: పాత గిన్నెను కోసి అందులోనే పేపర్ ఎలిమెంట్ దాచేస్తే సరి.

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ రేకు అంచు సమతలంగా ఉండదు, సీలు కూర్చోదు. దుమ్ము పేపర్‌ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. ఉన్న బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ చేయించి కొత్త హౌసింగ్ బిగించండి. పాత గిన్నెను కోయకుండా కడిగి, లోపల పలచగా నూనె రాసి, అటక మీద పెట్టండి. రేపు బండిని వింటేజ్ ప్రదర్శనకి తీసుకెళ్లాలనుకుంటే నాలుగు బోల్టులు విప్పి మళ్లీ దాన్నే బిగించుకోవచ్చు.