పాత సైటు మూసేయండి, పాత పేరు మాత్రం వదలకండి

వ్యక్తిగత సైట్లను ఒక డొమైన్ (సైటు పేరు) నుంచి మరో డొమైన్‌కు తరలించి పెట్టడం నా పని. తరలింపు పూర్తికాగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: ఇక పాతది తీసేయవచ్చా? చిక్కంతా ఆ 'పాతది' ఏమిటన్నదానిలోనే ఉంది.

అపోహ: కొత్త సైటు నడుస్తోంది, పాత డొమైన్ రెన్యువల్ దండగ.

వాస్తవం: దండగ పాత హోస్టింగ్‌కు, అంటే సైటు ఫైళ్లను ఉంచే చోటుకు, కట్టేది. దాన్ని నిక్షేపంగా రద్దు చేసుకోండి, పాత లింకులను కొత్త చోటికి మళ్లించే రీడైరెక్ట్‌లకు చిన్న సర్వర్ చాలు. పేరు సంగతి వేరు. డాట్ కామ్ డొమైన్ గడువు తీరాక రిజిస్ట్రార్‌ను (పేర్లు నమోదు చేసే సంస్థను) బట్టి కొన్నాళ్ల వెసులుబాటు, ఆపైన అదనపు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజులు, చివర్లో 5 రోజుల నిరీక్షణ. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇతర సైట్ల నుంచి లింకులున్న పేర్ల కోసం కాచుకుని ఉండేవాళ్లకు కొదవ లేదు. మీ పేరు మీద జూదం ప్రకటనలు కనిపించడం అందులో చిన్న నష్టమే. ఆ డొమైన్‌తో మీకు ఈమెయిల్ ఉండేదా? కొత్త యజమాని అదే చిరునామా మళ్లీ సృష్టించి, మీ పాత ఖాతాల్లో 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని నొక్కితే లింకు అతనికే వెళ్తుంది. అన్ని ఖాతాల్లోనూ ఈమెయిల్ మార్చేశామని చెప్పేవాళ్లను నేను నమ్మను.

అపోహ: పాత లింకులన్నిటినీ కొత్త హోమ్‌పేజీకి మళ్లిస్తే సరి.

వాస్తవం: ఇది బద్ధకం. ఒక వ్యాసం కోసం వచ్చినవారు హోమ్‌పేజీలో దాన్ని వెతుక్కోరు, వెళ్లిపోతారు. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును పేజీ లేనట్టుగానే లెక్కించవచ్చు. ఒక్కో పాత పేజీని దాని కొత్త పేజీకే 301తో, అంటే 'శాశ్వతంగా మారింది' అని చెప్పే కోడ్‌తో, పంపాలి. కావాలనే తీసేసిన పేజీకి 410 ('ఇక లేదు') ఇవ్వడం నిజాయితీ.

301 వల్ల వెతుకులాటలో ర్యాంకు తరుగుతుందన్న భయం పాతది. తరగదని గూగుల్ 2016లోనే చెప్పింది. కొన్ని వారాల ఒడిదొడుకులు మామూలే.

అపోహ: పాత పేజీలు వెతుకులాటలో కనిపించకుండా రోబోట్స్ ఫైలులో (ఎక్కడికి రావద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైలు) అడ్డుకోవాలి.

వాస్తవం: అడ్డుకుంటే పేజీలు చదివే సెర్చ్ ఇంజన్ ప్రోగ్రామ్‌కు, అంటే క్రాలర్‌కు, మీ రీడైరెక్టే కనిపించదు. ఇల్లు మారిన సంగతి తలుపు మీద రాసి, వీధి గేటుకు తాళం వేసినట్టు.

అపోహ: మళ్లింపే కదా, పాత డొమైన్‌కు సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే పత్రం) ఎందుకు?

వాస్తవం: హెచ్‌టీటీపీఎస్ లింకు నొక్కినప్పుడు బ్రౌజర్ ముందు సర్టిఫికెట్ చూస్తుంది, మళ్లింపు ఆ తర్వాతే. గడువు తీరి ఉంటే పాఠకుడికి దక్కేది హెచ్చరిక. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు 90 రోజులకు మించి చెల్లవు కాబట్టి వాటి రెన్యువల్ దానంతటదే జరిగేలా పెట్టుకోండి.

అపోహ: మళ్లింపులు ఏడాది ఉంచితే చాలు.

వాస్తవం: కనీసం ఏడాది ఉంచమన్నది గూగుల్ సలహా, అదీ వెతుకులాట కోసం. మనుషుల బుక్‌మార్కులకు, పీడీఎఫ్‌లలోని లింకులకు ఆ లెక్క తెలియదు. అప్పుడప్పుడు సర్వర్ లాగ్ (ఎవరు ఏ పేజీ అడిగారో నమోదయ్యే ఫైలు) తెరిచి, ఏ పాత చిరునామాలకు ఇంకా 404 ('పేజీ దొరకలేదు') వెళ్తోందో చూసి, వాటికి దారి చూపండి.