బట్ట పిండితే మోచేయి ఎందుకు నొస్తుంది?

తడి దుప్పటి పిండేది, గిన్నెను పటకారుతో దించేది వేళ్లు. నొప్పి మాత్రం మోచేతి బయటి గుబ్బ దగ్గర! టెన్నిస్ ఎన్నడూ ఆడనివాళ్లకు కూడా డాక్టరు 'టెన్నిస్ ఎల్బో' అని రాసేది ఈ నొప్పికే.

మణికట్టును లోపలికి పూర్తిగా వంచి, అలాగే పిడికిలి బిగించి చూడండి. బిగుసుకోదు. వేళ్లను ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే నారల కట్టలు) మణికట్టు మీదుగానే వెళ్తాయి కాబట్టి, అవి లాగినప్పుడు మణికట్టు కూడా వంగిపోవాలి. వంగకుండా ముంజేతి వెనక కండరాలు దాన్ని వెనక్కి లాగి నిలబెడతాయి. పట్టు ఎంత గట్టిదైతే అవీ అంత గట్టిగా లాగాలి. వాటిలో ఎక్స్‌టెన్సార్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనేది ఆ బయటి గుబ్బ దగ్గర మొదలై, మధ్యవేలికి ఆధారమైన అరచేతి ఎముకకు అతుక్కుంటుంది. ఎక్కువగా దెబ్బతినేది దాని మొదలే. అందుకే చేయి చాచి, అరచేయి కిందికి పెట్టి, మధ్యవేలు పైకెత్తుతుంటే ఎవరైనా కిందికి నొక్కితే మోచేతిలో చురుక్కుమంటుంది. పాతబడిన నొప్పిలో అక్కడ వాపు కణాలు పెద్దగా ఉండవు, సరిగ్గా అతకని నారలే ఉంటాయి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది, కానీ ఏడాది తర్వాత చూస్తే వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. 'వాతం' అని వేడి నూనెతో గట్టిగా రుద్దినా ఆ నారలు అతకవు.

నొప్పి లోపలి గుబ్బ దగ్గరుండి, మణికట్టును లోపలికి బలంగా వంచినప్పుడు పెరిగితే అది గోల్ఫర్స్ ఎల్బో. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కితే అల్నార్ నరం నలుగుతోందన్నమాట. మోచేయి గోడకు తగిలితే జివ్వుమనేది ఆ నరమే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చేయి ముడిచి ఉంచితే ఎక్కువవుతుంది. మోచేతి కొన మీద మెత్తటి ఉబ్బు ఉంటే అది నీటితిత్తి (ఎముకకూ చర్మానికీ మధ్య ఉండే పల్చటి సంచి) వాపు. అది ఎర్రబడి, జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదు. కిందపడ్డాక చేయి పూర్తిగా చాపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని చేయి పట్టి లాగాక ఆ చేయి కదపకపోతే, రేడియస్ (ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముక) తల మోచేతి దగ్గర జారిందేమో డాక్టరే చూడాలి.

టెన్నిస్ ఎల్బోకు అరలీటరు నీళ్ల సీసా చాలు. నొప్పి ఉన్న చేత్తో దాన్ని పట్టుకుని, ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, మణికట్టు అంచు దాటేలా పెట్టాలి. రెండో చేత్తో సీసాను పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తోనే 4 సెకన్లలో మెల్లగా దించాలి. 10 సార్లు, మూడు విడతలు. బరువులు అరచేయి పైకి పెట్టి ఎత్తితే ఆ టెండన్ మీద భారం తగ్గుతుంది. వ్యాయామంలో కాస్త నొప్పి తెలిసినా పర్లేదు. మర్నాటికీ తగ్గకపోతే సీసాలో సగం నీళ్లు పారబోయండి.