ముందు మన బీరువాలోవి చదవండి

చిరంజీవులు మనవలకూ, మనవరాళ్లకూ,

అమ్మమ్మ ఆశీస్సులు. విజయవాడ పుస్తకాల పండగ నుంచి ఈసారి కూడా రెండు సంచుల నిండా కొనుక్కొచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే పోయిన జనవరిలో కొన్నవి ఇంకా కవరు కూడా విప్పలేదట. అందుకే ఈ ఉత్తరం.

ఒక్కటి అడుగుతాను, కాదనకండి. ఈ ఉగాది నుంచి మళ్లీ జనవరి దాకా కొత్త పుస్తకం కొనొద్దు. ఇంట్లో ఉన్నవే చదవండి. మీ గదిలోవే కాదు, నడవాలో ఉన్న తాతయ్య బీరువా కూడా మీదే.

కొత్తవి ఎప్పుడైనా దొరుకుతాయి. పాతవాటి సంగతి అలా కాదు. తెలుగులో పుస్తకం వేస్తే మామూలుగా వెయ్యి కాపీలు, ఈమధ్య చాలామంది ఐదొందలతోనే సరిపెడుతున్నారు. అవి అయిపోతే మళ్లీ అచ్చువేసే నాథుడుండడు. రచయిత పోయి, వేసినవాళ్లు కూడా దుకాణం కట్టేశాక, ఏ ఆదివారమో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కనబడితే మన అదృష్టం. అలాంటివి మన బీరువాలో చాలా ఉన్నాయి. మనమే తీసి చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

కింది అరలో నల్ల అట్టల బైండ్లు చూడండి. పైన పేరు ఉండదు కాబట్టి పాత లెక్కల పుస్తకాలనుకుని ఎవరూ ముట్టుకోరు. అవి మా అమ్మ దాచిన సీరియల్స్. వారపత్రికలో వచ్చిన భాగాన్ని జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చుకుని, కథ పూర్తయ్యాక బైండు చేయించేది. అప్పట్లో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు చేసిన పనే ఇది. పుస్తకంగా రాని సీరియల్‌కి ఆ బైండే పుస్తకం. ఓ బైండులో మధ్యన నాలుగు రూళ్ల కాగితాలు కనిపిస్తాయి. ఆ వారం పత్రిక మా ఇంటికి రాలేదు. పక్కింటావిడ దగ్గర తెచ్చుకుని, రాత్రి పనులయ్యాక భాగం మొత్తం చేత్తో ఎక్కించింది. తలకట్లు పొడుగ్గా లాగి రాసేది, చూడగానే పోల్చుకుంటారు. కొన్ని కాగితాల వెనక సగం తెగిన సబ్బు ప్రకటనలు, వారఫలాలు ఉంటాయి. అవీ చదవండి, ఆ కాలం తెలుస్తుంది. రోజుకో భాగం చాలు. ప్రతి భాగమూ మంచి టెన్షన్‌లో ఆపుతారు కాబట్టి మర్నాడు మీ అంతట మీరే తెరుస్తారు.

పాత పుస్తకమంటే భాష కష్టమని భయపడకండి. అరసున్నలు, బండి ఱలు నాలుగు పేజీలయ్యేసరికి కంటికి అలవాటవుతాయి. ‘కన్యాశుల్కం’ పైకి చదవండి, తలా ఒక పాత్ర పంచుకుని. 1897లో మొదట అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇప్పుడు అందరం చదివేది ఆ రెండోదే. మనసులో చదివితే మెలికపడే వాక్యం నోటితో అనేసరికి పక్కింటి మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. దాని పక్కనే ‘మాలపల్లి’ ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో ఉండగా రాశారు, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక నవలకి సర్కారు ఎందుకంత భయపడిందో చదివి మీరే నాకు చెప్పండి.

అన్నీ పూర్తి చెయ్యాలని పట్టుదల వద్దు. యాభై పేజీలు చదివినా మనసు పట్టకపోతే పక్కన పెట్టేయండి. నచ్చనివాటిని ఏడాది చివర మన ఊరి శాఖా గ్రంథాలయానికి ఇద్దాం. బైండ్లు మాత్రం ఇవ్వొద్దు.

తీసేటప్పుడు కొంచెం చూసుకోండి. ఆ బైండ్లకి వాడింది మైదా జిగురు, పురుగు ముందు దాన్నే పడుతుంది. పైనుంచి వేలుపెట్టి లాగితే వెన్ను ఊడొస్తుంది, అటూ ఇటూ ఉన్నవి వెనక్కి నెట్టి నడుం దగ్గర పట్టుకుని తీయండి. ఎండలో పెట్టకండి, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి ఆరితే చాలు. అరలో కలరా ఉండలు అయిపోయుంటాయి, నాన్నని తెమ్మనండి.

అర్థం కాని మాటలు ఒక కాగితం మీద రాసుకుని ఆదివారం ఫోన్ చేయండి. తొమ్మిది లోపు చేస్తే తాతయ్య కూడా మేలుకునే ఉంటారు.

మీ
అమ్మమ్మ