కాలనీ క్లబ్బు డబ్బు: బిల్లు ఉంటే లెక్క ఉన్నట్టేనా?

అపోహ: బిల్లు చూపించారంటే ఖర్చు సరైనదే.

బిల్లు చెప్పేది దుకాణంవాడు కాగితం ఇచ్చాడన్న సంగతి ఒక్కటే. ఖర్చుకు ఎవరు ఒప్పుకున్నారు, సరుకు ఎవరు దింపుకున్నారు, డబ్బు ఏ దారిన పోయింది అన్నవి అందులో ఉండవు. అందుకే ప్రతి చెల్లింపుకూ నాలుగు కాగితాలు కలిపి పిన్ను కొట్టాలి: నంబరు, తేదీ ఉన్న కార్యవర్గ తీర్మానం, అసలు బిల్లు, కొన్న మనిషి కాక వేరొకరు సరుకు అందిందని పెట్టిన సంతకం, చెక్కు నంబరు లేదా బదిలీ రిఫరెన్సు రాసిన వోచరు (చెల్లింపు చీటీ). షటిల్ ట్యూబులు 20 కొన్నామంటే స్టాకు రిజిస్టర్లో 20 ఎక్కాలి, ఏ రోజు ఎన్ని ఆటకు ఇచ్చారో రాసి ఉండాలి. కోశాధికారే కొని, కోశాధికారే దింపుకుని, కోశాధికారే చెల్లించే క్లబ్బులో అందరూ నిజాయితీపరులే అయినా ఆ మాట రుజువు చేయడం కష్టం.

అపోహ: మూడు దుకాణాల నుంచి కొటేషన్లు (ధర రాసిన కాగితాలు) తెప్పించాం కదా!

మూడూ ఒకరే రాయించి ఉండొచ్చు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37), తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. మూడు లెటర్‌హెడ్ల మీదా ఆ పది ఒకటే అయితే పోటీ ఎక్కడుంది? పాన్లు వేరైనా చిరునామా, ఫోను నంబరు కలుస్తున్నాయేమో చూడండి. జీఎస్టీ పోర్టల్లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందో, రద్దయిందో తెలుస్తుంది. చిన్న కొట్లకు జీఎస్టీ నంబరు లేకపోవడం తప్పేమీ కాదు. నంబరు లేకుండానే బిల్లులో జీఎస్టీ కలిపితే మాత్రం నిలదీయాల్సిందే.

అపోహ: చెక్కు మీద రెండు సంతకాలు, ఇక భయం లేదు.

ఊరెళ్తూ అధ్యక్షుడు ఖాళీ చెక్కుల మీద సంతకం చేసి వెళ్తే రెండో సంతకం ఉన్నా లేనట్టే. నెట్‌బ్యాంకింగ్‌లో ఒకరు నమోదు చేసి మరొకరు ఆమోదించే ఏర్పాటు ఉన్నా, రెండు ఓటీపీలూ ఒకే ఫోనుకు వస్తుంటే అదీ అంతే. చందాలకు అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో కూడా ఒకసారి స్కాన్ చేసి చూడండి. కోశాధికారి సొంత పేరు కనబడితే క్లబ్బు డబ్బు, ఇంటి డబ్బు అప్పటికే కలిసిపోయాయి.

అపోహ: ఆడిటర్ చూశాడు.

చూశాడు, కానీ తన ముందు పెట్టిన కాగితాలనే, అందులోనూ సాధారణంగా కొన్నింటినే. ఆ కొనుగోలు అవసరమా అన్నది సభ్యులే తేల్చుకోవాలి.

అపోహ: మామూలు సభ్యుడు అడగకూడదు.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన క్లబ్బయితే, సంఘ వ్యవహారాలపై వివాదం వచ్చినప్పుడు 23వ సెక్షన్ ప్రకారం ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు. అంతదూరం పోకముందు కార్యదర్శికి ఉత్తరం ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ‘లెక్కలన్నీ చూపండి’ అని రాస్తే ఒక పేజీ జమాఖర్చు చేతిలో పెడతారు. ‘ఏప్రిల్ నుంచి జూన్ వరకు బ్యాంకు స్టేట్‌మెంటు, అందులో రూ.5,000 దాటిన ప్రతి డెబిట్‌కూ వోచరు’ అని రాయండి.