ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ‘ఎక్స్‌పైర్’ అయిందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, నా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఎక్స్‌పైర్ అయిపోయింది. మళ్లీ చెక్‌రైడ్ ఇవ్వాలా?"

డాలస్ చుట్టుపక్కల సరదాకి విమానం నడిపే తెలుగువాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటే బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి విమానం నడిపే అర్హత. చెక్‌రైడ్ అంటే దానికోసం ఎగ్జామినర్ ముందు ఇచ్చే ఫ్లైట్ పరీక్ష. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఉద్యోగం మారుతుంది, విమానం పక్కన పడుతుంది. మళ్లీ గుర్తొచ్చేసరికి మూడు నాలుగేళ్లు గడిచిపోయుంటాయి. నేను ఇక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్‌ని కాబట్టి రాసేదంతా అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల గురించే.

అపోహ: రేటింగ్‌కు గడువు తీరిపోతుంది

తీరదు. అమెరికాలో ఒకసారి వచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మీ సర్టిఫికెట్ మీద అలాగే ఉంటుంది. పోయేది ‘కరెన్సీ’. డబ్బులు కాదు, ఇటీవల ఎంత ప్రాక్టీస్ చేశారన్న లెక్క. ఈ గందరగోళం ఎక్కువగా వేరే దేశాల పద్ధతి విన్నవాళ్లకు వస్తుంది. యూరప్‌లో రేటింగ్‌కే ఏడాది గడువు. ఏడేళ్లపాటు రెన్యూ చేయకపోతే థియరీ పరీక్షలు కూడా మళ్లీ రాయాలి. ఇక్కడ ఇరవై ఏళ్లు వదిలేసినా రాతపరీక్ష లేదు.

అపోహ: కరెన్సీకి ఆరు నెలలంటే తేదీకి తేదీ

కరెన్సీ ఉండాలంటే గత ఆరు నెలల్లో కొంత ప్రాక్టీస్ చేసి ఉండాలి. దానికి క్యాలెండర్ నెలలు లెక్క. ఆరు అప్రోచ్‌లు (మీటర్లు చూస్తూ రన్‌వే వైపు దిగడం), హోల్డింగ్ (ఒకచోట చుట్లు కొడుతూ ఆగడం), కోర్సు (వెళ్లాల్సిన దారి) పట్టుకుని దాని వెంట వెళ్లడం, ఇవన్నీ జనవరి 10న చేశారనుకోండి, జులై 31 దాకా మీరు ‘కరెంట్’, అంటే కరెన్సీ ఉన్నట్టే. ఆగస్టు 1 నుంచి ఐఎఫ్ఆర్‌లో (మీటర్ల ఆధారంగా నడిపే నిబంధనల కింద) పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడిగా) వెళ్లకూడదు. ఆకాశం అద్దంలా ఉన్నా సరే, ఐఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ మీద వెళ్తే అది ఐఎఫ్ఆరే. "మబ్బు లేదు కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

అపోహ: ఆరు నెలలు దాటితే ఐపీసీ (ఇన్‌స్ట్రుమెంట్ ప్రొఫిషియెన్సీ చెక్) తప్పదు

పై ఉదాహరణలో ఆగస్టు 1 నుంచి మరుసటి ఏడాది జనవరి 31 వరకు మరో ఆరు నెలలు చేతిలో ఉంటాయి. ఆ లోపు బయట కనిపించకుండా కళ్లకు హుడ్ పెట్టుకుని, పక్క సీట్లో సేఫ్టీ పైలట్‌ని కూర్చోబెట్టుకుని, బయట వాతావరణం బాగున్న రోజున ఆ అప్రోచ్‌లు, హోల్డింగ్ అన్నీ పూర్తి చేసుకోవచ్చు. సేఫ్టీ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అక్కర్లేదు. ఆ తరగతి విమానానికి లైసెన్సు, చెల్లే మెడికల్ ఉండాలి. మీరు బాగా నమ్మే మనిషి అయితే ఇంకా మంచిది, ఎందుకంటే బయటకు చూసేది అతనొక్కడే. లాగ్‌బుక్‌లో అతని పేరు రాయడం మాత్రం మర్చిపోవద్దు. ఫిబ్రవరి 1 వచ్చిందా, ఇక దారి ఒక్కటే: ఐపీసీ.

అపోహ: దిగిన ప్రతి అప్రోచ్ లెక్కలోకి వస్తుంది

ఇక్కడ నేనే బోల్తా పడ్డాను. ఓసారి లాగ్‌బుక్ తిరగేసి "ఆరు ఉన్నాయి, చాలు" అనుకున్నాను. రాత్రి మళ్లీ చూస్తే ఒకదాని పక్కన నా చేతిరాతే: ‘విజువల్’. విజువల్ అప్రోచ్, అంటే బయటకు కళ్లతో చూస్తూ దిగడం, ఐఎఫ్ఆర్ క్లియరెన్స్ మీద చేసినా ఈ లెక్కకు పనికిరాదు. మర్నాటి ప్రయాణం మానుకుని, మా ఆవిడ చేత మాటలు పడి, కారులో వెళ్లాం.

హుడ్ కింద చేస్తే మినిమమ్స్ (ఆ అప్రోచ్‌కు పెట్టిన కనీస ఎత్తు) దాకా హుడ్ తీయకూడదు. నిజంగా మబ్బులో ఉంటే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (అప్రోచ్ చివరి భాగం మొదలయ్యే చోటు) దాటేటప్పటికి ఇంకా మబ్బులోనే ఉండాలి, ఆ తర్వాత బయటపడ్డా లెక్కే. ఫిక్స్‌కు ముందే రన్‌వే కనిపించి, హుడ్ కూడా లేకపోతే లెక్క కాదు. ఒకే ఎయిర్‌పోర్టులో ఒకే అప్రోచ్ ఆరుసార్లు చేసినా చట్టానికి అభ్యంతరం లేదు. నాకుంది.

అపోహ: ఇంట్లో సిమ్యులేటర్‌లో చేసుకోవచ్చు

ఎఫ్ఏఏ ఆమోదం ఉన్న పరికరమైతేనే. 2018 చివర్లో నిబంధన మారాక అలాంటి దానిలో కరెన్సీ కోసం ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండనక్కర్లేదు. ఇంటి కంప్యూటర్ ప్రాక్టీస్‌కు బాగుంటుంది, లాగ్‌బుక్‌కు కాదు.

అపోహ: కార్డు మీద రేటింగ్ ఉంది, చిక్కుకుంటే ఎలాగో బయటపడతాం

2020 జనవరి 26న కాలిఫోర్నియాలోని కలబాసాస్ దగ్గర బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మంది చనిపోయిన హెలికాప్టర్ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. విజువల్‌గా వెళ్తూ మబ్బులోకి వెళ్లి, ఏది పైనో ఏది కిందో తెలియని స్థితిలో పడ్డాడని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. లోపలి చెవి అబద్ధం చెప్తుంది, అదీ చాలా నమ్మకంగా. మీటర్లను నమ్మే అలవాటు కొన్ని నెలలు వదిలేస్తే మన శరీరం మళ్లీ చెవి మాటే వింటుంది.

అపోహ: ఐపీసీ అంటే మరో చెక్‌రైడ్, ఫెయిలైతే రికార్డులో పడుతుంది

ఎగ్జామినర్ అక్కర్లేదు, నాలాంటి ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ చాలు. ఫెయిల్ అన్నదే లేదు. సరిగ్గా రాకపోతే ఆ రోజు ట్రైనింగ్ ఫ్లైట్‌గా రాస్తాం, ఎండార్స్‌మెంట్ (లాగ్‌బుక్‌లో పూర్తయినట్టు సంతకం) ఇవ్వం, అంతే. కనీసం ఇన్ని గంటలన్న షరతూ లేదు. అలాగని ఒక్క రౌండు కొట్టి సంతకం తీసుకోవడం కుదరదు. హోల్డింగ్, ప్రెసిషన్, నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లు, మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం), సర్క్లింగ్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), విమానం అడ్డదిడ్డంగా తిరిగినప్పుడు సరిచేయడం, మీటరు పాడైతే నెట్టుకురావడం, ఈ జాబితా ఎఫ్ఏఏదే.

నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఒకతన్ని డెంటన్ ఎయిర్‌పోర్టుకు ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకి దారి చూపే పద్ధతి) మీద తీసుకెళ్లాను. గుండ్రటి మీటర్ల సెస్నా 172. రూల్స్ అడిగితే గడగడా చెప్పాడు. హుడ్ కింద ఎత్తు మాత్రం గీత గీసినట్టు పట్టుకున్నాడు. ఈలోగా దిగాల్సిన వాలు చూపే గ్లైడ్‌స్లోప్ సూది మధ్యకొచ్చి, కిందికి జారి, అడుగున ఆగిపోయింది. అతని కళ్లు ఆల్టిమీటర్ మీదే. "సూది చూడు" అంటే "ఎత్తు కరెక్టే కదన్నా" అన్నాడు. ఎత్తు కరెక్టే, కానీ అప్పటికి దిగుతూ ఉండాల్సింది. రెండో రోజు విమానం వంపు చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద రబ్బరు మూత అంటించాను. ఐదు నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది. చూపు ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కు తనంతట తనే తిరగడం మూడో రోజుకు మొదలైంది. నాలుగో రోజు సంతకం పెట్టాను.

అప్పుడు చూసుకున్నాడు, 24 నెలలకోసారి చేయాల్సిన ఫ్లైట్ రివ్యూ కూడా ఎప్పుడో దాటిపోయిందని. ఐపీసీతో అది దానంతటదే అయిపోదు. దానికి కనీసం గంట గ్రౌండ్ (నేల మీద పాఠం), గంట ఫ్లైట్, విడిగా ఎండార్స్‌మెంట్ ఉండాలి. రెండూ కలిపి పూర్తి చేసుకోవచ్చు, కానీ ఆ మాట మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్‌తో అనండి. నా దగ్గరికొచ్చిన అతను ఆ రివ్యూ కోసం ఐదో రోజు మళ్లీ రావాల్సి వచ్చింది.