మ్యాప్‌లో రంగు పడితే భూమి పోయినట్టేనా? మాస్టర్ ప్లాన్ మీద అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం నేను ఆఫీసు షట్టర్ తీయకముందే మెట్ల మీద ఒక అవ్వ కూర్చొని ఉంది, పక్కన మనుమడు. వాడి ఫోన్‌లో వాట్సాప్‌లో తిరుగుతున్న డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ ఫొటో. "సారూ, మా ఎకరం ఇరవై గుంటలు ఊదా రంగుల వడ్డదట. కంపెనీలకు ఇచ్చిన్రట. ఇగ మాది కాదా?" అని అడిగింది. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇరవై ఏళ్లకు పైగా ఎల్‌టీపీగా (లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్) ప్లాన్లు గీస్తున్నాను. మా ప్రాంతంలో ఏ మున్సిపాలిటీ కొత్త డ్రాఫ్ట్ గోడకు అంటించినా వారం తిరక్కుండా ఇదే ప్రశ్న వస్తుంది. అవ్వ మీద నాకు కోపం లేదు. ఆ ఫొటో మీద ఎర్ర బాణాలు గీసి, "మీ భూములు పోతున్నాయ్, షేర్ చేయండి" అని పంపినవాళ్ల మీదే ఉంది.

అపోహ: ఇండస్ట్రియల్ జోన్‌లో పడితే సర్కారు భూమి తీసుకున్నట్టే

కాదు. మాస్టర్ ప్లాన్ వేరు, భూసేకరణ వేరు. రాబోయే రోజుల్లో ఈ సర్వే నంబర్‌లో ఏం కట్టడానికి పర్మిషన్ ఇవ్వాలో జోన్ చెబుతుంది. భూమి ఎవరిదో అది చెప్పదు. పాస్‌బుక్‌లో పేరు మారదు. ఊదా రంగులో, అంటే ఇండస్ట్రియల్ జోన్‌లో, ఉన్న పొలంలో ఈ వానాకాలం వరి వేసుకోవచ్చు, వచ్చే ఏడూ వేసుకోవచ్చు. రంగు మారిందని రైతు భరోసా (పంట పెట్టుబడి సాయం) ఆగదు. నిజంగా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద సెక్షన్ 11 నోటిఫికేషన్ విడిగా రావాలి. దాని మీద అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. ఆ తర్వాతే డిక్లరేషన్, అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు), పరిహారం. పరిహారం మీద 100 శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కూడా ఉంటుంది. గోడ మీది మ్యాప్‌కు వీటిలో దేనితోనూ సంబంధం లేదు.

అలాగని భయం ఉత్తదే అనను. రేపు ఆ పొలంలో కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే ఇండస్ట్రియల్ జోన్‌లో పర్మిషన్ దొరకదు. కొనేవాళ్లు తగ్గుతారు, ధర పడుతుంది. బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్ముదామనుకున్నవాడికి అది చిన్న దెబ్బ కాదు. 2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది గుర్తుంది కదా. డ్రాఫ్ట్‌లో పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముట్టడించారు, పట్టణం బంద్ చేశారు. ఒక రైతు ప్రాణమే తీసుకున్నాడు. ఇది ముసాయిదా మాత్రమే, భూములు ఎక్కడికీ పోవని అధికారులు చెబుతూనే ఉన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఊరూరా గ్రామసభ పెట్టి ముందే చెప్పాల్సిన మాట అది, జనం రోడ్డెక్కాక మైకులో చెప్పేది కాదు. చివరికి జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ఆ డ్రాఫ్ట్‌ను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాల డ్రాఫ్ట్ కూడా ఆ నెలలోనే అలాగే ఆగిపోయింది. అంటే డ్రాఫ్ట్ మారుతుంది, ఒక్కోసారి మొత్తానికే పోతుంది.

ఈ సంగతి రైతుకు తెలియదు, బ్రోకర్‌కు తెలుసు. నష్టమంతా అక్కడే.

కొన్నేళ్ల కింద నాకు తెలిసిన ఒకాయన డ్రాఫ్ట్ వచ్చిన పది రోజుల్లో రెండెకరాలు అమ్మేశాడు. "సర్కారు గుంజుకుంటే గిదన్న రాదు" అని బ్రోకర్ చెవిలో పోశాడు. సగం ధరకు రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఫైనల్ ప్లాన్ వచ్చేసరికి ఆ ముక్క రెసిడెన్షియల్‌లోకి మారింది. కొన్నవాళ్లు వెంచర్ వేస్తూ లేఅవుట్ గీయమని నా దగ్గరికే వచ్చారు. గీశాను. నా పని అదే మరి. కానీ ఆ సర్వే నంబర్ కంప్యూటర్‌లో కొడుతుంటే చెయ్యి ఆడలేదు. ఇప్పటికీ ఆయన కూరగాయల మార్కెట్లో కనబడితే నేనే పక్క సందులోకి తప్పుకుంటాను. అమ్మే ముందు ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

డ్రాఫ్ట్ గోడ మీద ఉన్నన్ని రోజులు ఆ కారణంగా భూమి అమ్మకండి, అడ్వాన్స్ కూడా తీసుకోకండి. భయంతో నాలా కన్వర్షన్‌కూ (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం) పరుగెత్తకండి. నాలా రెవెన్యూ వ్యవహారం, దానివల్ల జోన్ మారదు. పైగా ఆ విస్తీర్ణం సాగు భూమి కింద నుంచి పోతుంది, దాంతోపాటే రైతు భరోసా కూడా.

ఇక ఆ వాట్సాప్ ఫొటో సంగతి. 1:10,000 స్కేలు షీట్ మీద ఒక సెంటీమీటర్ అంటే నేల మీద 100 మీటర్లు. అవ్వ మనుమడు బొటనవేలు పెట్టి "ఇదే మాది" అన్నాడు. అసలు షీట్ మీదైనా ఆ వేలి కింద ఏడెకరాల దాకా ఉంటుంది. ఒక మిల్లీమీటర్ గీత మందమే 33 అడుగులు. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి మన గట్టు ఎటు పడిందో తేల్చడం అయ్యే పని కాదు. ఊరి నక్షా, టిప్పన్ (సర్వే నంబర్ కొలతల పటం) పక్కన పెట్టుకొని అసలు షీట్ మీద చూడాలి. అలా చూస్తే అవ్వ భూమిలో సగానికి కొంచెం తక్కువే ఊదాలో ఉంది, మిగతాది వాగు వైపు ఆకుపచ్చలోనే, అంటే వ్యవసాయ జోన్‌లోనే ఉంది. పూర్తిగా బయటపడిందని చెప్పగలిగితే నాకూ సంతోషమే.

అపోహ: డ్రాఫ్టే కదా, మన కాగితం ఎవరు చూస్తారు

ఇది మా నాన్న మాట. నేను పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మా 200 గజాల ప్లాట్ ముందు భాగం మీదుగా 60 అడుగుల ప్రతిపాదిత రోడ్డు గీశారు. "గీతలు శానా గీస్తరు" అని ఆయన ఊరుకున్నాడు. అదే ఫైనల్ అయింది. ఇన్నేళ్లలో తట్టెడు మట్టి కూడా పోయలేదు. అయినా ఇల్లు కడతామంటే రోడ్డుకు పోయే భాగం వదిలి మిగతాదాంట్లోనే ప్లాన్ పెట్టాలి. ఊరందరికీ ప్లాన్లు గీసే నేను మా సొంత ప్లాట్‌లో ఇంకా ఇల్లు కట్టలేదు.

అభ్యంతరం ఇవ్వండి. ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇస్తే ధర్నాకు బలమేమో గానీ, షీట్ ముందు కూర్చొని సవరించేవాడికి సర్వే నంబర్ కావాలి. సబ్ డివిజన్‌తో సహా నంబర్, విస్తీర్ణం, డ్రాఫ్ట్‌లో ఏ జోన్ చూపించారు, నేల మీద ఇప్పుడు ఏముంది (బోరు, బావి, తోట, ఇల్లు), మీకు ఏ జోన్ కావాలి, ఎందుకు, అన్నీ రాయండి. పాస్‌బుక్ జిరాక్స్, రెండు ఫొటోలు జత చేయండి. కమిషనర్ పేరు మీద ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద ఇన్వర్డ్ నంబర్ (ఆఫీసులో కాగితం నమోదైన నంబర్), తేదీ, ముద్ర వేయించుకోండి. "మా వార్డు కౌన్సిలర్‌కు చెప్పినం" అంటే కుదరదు. కౌన్సిల్ తీర్మానం ఒక మెట్టు మాత్రమే, ఆఖరి ఆమోదం ప్రభుత్వానిది. గడువు దాటాక జోన్ మార్చుకోవాలంటే ల్యాండ్ యూజ్ మార్పు కోసం విడిగా అర్జీ, ప్రకటన, చార్జీలు, ప్రభుత్వ ఉత్తర్వు, ఇంత తతంగం ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కొత్త జోన్ వచ్చిందని పర్మిషన్‌తో కట్టుకున్న పాత ఇంటిని ఎవరూ కూల్చరు, కొత్తగా అంతస్తు వేస్తానంటేనే తకరారు. ఇంటి పన్ను కడుతున్నాం కాబట్టి పర్మిషన్ ఉన్నట్టే అనేవాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. రశీదు పన్నుకే, పర్మిషన్‌కు కాదు. బీపాస్ చట్టం (స్వీయ ధ్రువీకరణతో ఇంటి పర్మిషన్ ఇచ్చే చట్టం) కింద ఆన్‌లైన్‌లో వెంటనే పర్మిషన్ వచ్చింది కాబట్టి జోన్ సరిపోయినట్టే అనుకోవద్దు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో ఇళ్లకు మీ స్వీయ ధ్రువీకరణను నమ్మి ఇస్తున్నారంతే. అందులో తప్పు రాస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. "రెసిడెన్షియల్ అయితే రేటు డబుల్" అనేది కూడా బ్రోకర్ మాటే. దారి లేని పొలానికి పసుపు రంగు వేస్తే దారి పుట్టదు.

అవ్వ అభ్యంతరం ఆ రోజే రాసి, మనుమణ్ని వెంటపెట్టుకొని పోయి ఇన్వర్డ్ చేయించాను. బ్రోకర్ అప్పటికే రెండుసార్లు ఇంటికి వచ్చిపోయాడట. మళ్లీ వస్తే నా నంబర్ ఇమ్మన్నాను. మీలో ఎవరికైనా షీట్ చూడాలనుంటే మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పొద్దున పదకొండు లోపే వెళ్లండి. తర్వాత వాళ్లు సైట్ల మీదికి పోతారు, గది తాళం ఉంటుంది. టిప్పన్ మర్చిపోకండి.